జలాంతర్గాముల వేటలో శాస్త్రవేత్తలు

మొదటి ప్రపంచ యుద్ధం అనగానే మీకు కందకాలు, ఫిరంగులు గుర్తుకు వస్తాయి. కానీ బ్రిటన్‌కు నిద్ర లేకుండా చేసింది జర్మన్ జలాంతర్గామి. తిండిగింజలు సైతం ఓడల మీద రావలసిన దేశం అది. నీట మునిగిన శత్రువును కనిపెట్టడం ఎలా?

1915 జులైలో బ్రిటిష్ నౌకాదళం ఆవిష్కరణల, పరిశోధనల మండలిని నెలకొల్పింది. వృద్ధ నౌకాధిపతి ఫిషర్ దానికి అధ్యక్షుడు. జె.జె. థామ్సన్, రూథర్‌ఫర్డ్, విలియం బ్రాగ్ వంటివారు అందులో చేరారు. ప్రజల నుంచీ సూచనలు వేలకొద్దీ వచ్చాయి. అదే ఏడాది అమెరికాలో ఎడిసన్ అధ్యక్షతన ఏర్పడిన నౌకా సలహా మండలికైతే దాదాపు 1,10,000 అందాయి. తయారీ దాకా వెళ్ళింది ఒక్కటే. అదీ విమాన చోదకుల శిక్షణకు పనికివచ్చే యంత్రం! ప్రజలకు తెలివి లేక కాదు. నౌకాదళం తన అవసరాలను రహస్యంగా ఉంచేది. రోగం చెప్పకుండా మందు ఇమ్మంటే వైద్యుడేం చేస్తాడు?

వింత ఆలోచనలనూ పరీక్షించకపోలేదు. వినోద ప్రదర్శనల్లో ఆడే సముద్ర సింహాలకు జలాంతర్గామి చప్పుడును వెంబడించడం నేర్పి, 1917లో వేల్స్‌లోని బాలా సరస్సులో దింపారు. సరస్సులో బాగానే ఉంది. సముద్రంలో వాటి మనసు చేపల మీదికి పోయింది.

అసలు దారి శబ్దమే. రూథర్‌ఫర్డ్ మాంచెస్టర్‌లో తన ప్రయోగశాల నేలమాళిగలో నీటితొట్టె పెట్టి, నీటిలో ధ్వనిని పరిశీలించాడు. బ్రాగ్ 1916లో స్కాట్లాండ్ తీరాన హాక్‌క్రెయిగ్‌కు వెళ్ళాడు. నీటి అడుగు శబ్దాలను వినిపించే హైడ్రోఫోన్లపై అక్కడ కమాండర్ రయన్ అప్పటికే పనిచేస్తున్నాడు. ఇద్దరికీ పొసగలేదు. అధికారికి రేపటికల్లా పనిచేసే పరికరం కావాలి. శాస్త్రవేత్త ముందు కొలవాలంటాడు. తప్పు ఎవరిదో చెప్పడం నాకైతే కష్టమే. 1917 మొదట్లో బ్రాగ్ బృందం హార్విచ్ రేవుకు మారింది.

ఈ మనుషుల మీద యుద్ధం ఎంత భారం మోపిందో చూడండి. బ్రాగ్ చిన్న కొడుకు 1915 సెప్టెంబరులో గల్లిపోలిలో చనిపోయాడు. అంతకు ముందు నెలలో అదే చోట రూథర్‌ఫర్డ్ శిష్యుడు మోస్లే నేలకొరిగాడు. పరమాణు సంఖ్యకు అర్థం చెప్పిన ఆ 27 ఏళ్ళ యువకుడు సైన్యంలో సమాచార అధికారి. అంతటివాణ్ణి అక్కడ వాడుకోవడమేమిటని రూథర్‌ఫర్డ్ బాధపడ్డాడు.

1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే 8 లక్షల టన్నులకు పైగా ఓడలు మునిగాయి. అప్పుడు ఎక్కువగా ఆదుకున్నది పరికరం కాదు, ఓడలను గుంపుగా, యుద్ధనౌకల కాపలాతో నడపడం. ఫ్రాన్స్‌లో లాంజెవిన్ స్ఫటికంతో ధ్వనిని పంపి, 1918 ఆరంభంలో జలాంతర్గామి నుంచి ప్రతిధ్వనిని పట్టుకున్నాడు. ఆ పద్ధతి యుద్ధనౌకల్లో వాడుకకు రాకముందే, నవంబరులో, యుద్ధం ముగిసింది.