మెట్టప్రాంత ప్రాథమిక పాఠశాలలలో మూల్యాంకన ఫలితముల సమష్టి పరిశీలన: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల దృష్ట్యా

నెల్లూరు జిల్లా పశ్చిమభాగమున, వెలిగొండల నానుకొనియున్న ఉదయగిరి పరిసరములందును, సోమశిల జలాశయమునకు కొలది దూరమున నున్న ఆత్మకూరు చుట్టుపట్లను, మెట్టపొలముల నడుమ విసరివేసినట్లున్న చిన్న గ్రామములలోని ప్రాథమిక పాఠశాలలు పెక్కు ఒకరిద్దరు ఉపాధ్యాయులతోనే నడచుచున్నవి. ఒక్కరే ఐదు తరగతులకు అన్ని విషయములును బోధింపవలసిన చోట, పరీక్ష ముగిసిన పిదప ఈ పిల్లవాడిట్లేల వ్రాసెనని ప్రక్కనున్నవారి నడుగుటకు ప్రక్కన ఎవరును ఉండరు. పట్టణములోని పెద్ద బడిలో మధ్యాహ్నవిరామమున జరిగిపోవు సంభాషణ ఇచ్చట చుట్టుపట్ల బడుల ఉపాధ్యాయులు కూడు స్కూల్ కాంప్లెక్స్ సమావేశమున తప్ప జరుగుట కవకాశము లేదు. కావున ఆ సమావేశములో కాలము దేనికి వ్యయమగుచున్నదను ప్రశ్న ఈ ప్రాంతపు విద్యకు ప్రాణప్రదమైనది. మార్కులను పట్టికల కెక్కించుటకు వెచ్చించు శ్రమలో కొంతయైనను జవాబుపత్రములను పదిమంది కలసి చదువుటకు వెచ్చింపవలెనని ఈ వ్యాసమున ప్రతిపాదించుచున్నాను.

ఉపాధ్యాయులు కలసి పనిచేయవలెనను ఈ ఆలోచన నూతనము కాదు. పాఠశాలలను ఉన్నత పాఠశాల కేంద్రముగా ముడివేయవలెనని 1964-66 నాటి కొఠారీ కమిషన్ సూచించియుండెను. బ్రిటిష్ ప్రభుత్వ సహాయముతో మన రాష్ట్రమున నడచిన ప్రాథమిక విద్యా పథకము ఉపాధ్యాయ కేంద్రములను నెలకొల్పి, బోధనోపకరణములను కలసి తయారుచేసికొను అలవాటును ఉపాధ్యాయులకు కలిగించెను. 2009 విద్యాహక్కు చట్టపు 24వ విభాగము, ప్రతి శిశువు అభ్యసనసామర్థ్యమును అంచనా వేసి తదనుగుణముగా అదనపు బోధన చేయుట ఉపాధ్యాయుని విధియని పేర్కొన్నది. విధి నిర్ణీతమైనది, దానిని నిర్వర్తించు మార్గమునందే లోపమున్నది.

ఆ లోపమెక్కడనో తెలిసికొనుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ పాఠశాలలలోనే జరిగిన ఒక ప్రయోగము ఉపకరించును. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు నూరు పాఠశాలలకు, పిల్లల పరీక్షాఫలితములను విశ్లేషించిన సమగ్ర నివేదికలను, బోధనకు సంబంధించిన సూచనలతో సహా పంపి, అట్టివి అందని పాఠశాలలతో పోల్చి, 2010లో ఫలితములను ప్రకటించిరి. పరిశీలకులు వచ్చినపుడు నివేదికలందిన ఉపాధ్యాయులు అధికశ్రద్ధతో బోధించుచున్నట్లు కానవచ్చినను, సంవత్సరాంతమున పిల్లల మార్కులలో భేద మేమియు కనబడలేదు. దీనికి వారు చెప్పిన కారణములు వారివి. నా కర్థమైనంతవరకు, వేరొకరు చేసిన విశ్లేషణము ఒంటరిగా నున్న ఉపాధ్యాయుని చేతికి అందుట వేరు, ఆ విశ్లేషణమును తానే తోటివారితో కూడి చేయుట వేరు. మొదటిదానివలన సమాచారము లభించును. రెండవదానివలననే రేపటి పాఠము మారును.

ఒక్క లెక్కను దగ్గరగా చూతము. 403 నుండి 158 తీసివేయుమన్నపుడు, సమాధానము 245. ఒక బాలిక 355 అని వ్రాయును. ఇంకొక బాలుడు 255 అని వ్రాయును. రిజిస్టరులో ఇద్దరికిని సున్నయే. కాని పత్రములను ప్రక్కప్రక్కన పెట్టిన క్షణముననే ఆ రెండు సున్నలును ఒకటి కావని తెలియును. బాలిక ప్రతి స్థానమునందును పెద్ద అంకెనుండి చిన్న అంకెను తీసివేసినది: ఎనిమిదినుండి మూడు, ఐదునుండి సున్న, నాలుగునుండి ఒకటి. ఏది పైది, ఏది క్రిందిదను జ్ఞానము ఆమెకింకను కుదరలేదు. బాలుడో, వందల స్థానమునుండి ఒకటి తెచ్చుకొనవలెనని ఎరుగును. తెచ్చి, నాలుగును మూడు చేసెను. ఒకట్లలో పదమూడునుండి ఎనిమిదిని సరిగనే తీసివేసెను. పదుల స్థానమున పదిని తొమ్మిది చేయుట మాత్రము మరచెను. మొదటి బిడ్డకు పుల్లలను పదేసి కట్టలుగా కట్టించి, కట్ట విప్పి తీయుట మరల మొదటినుండి నేర్పవలెను. రెండవవానికి నడుమ సున్నగల లెక్కలు నాలుగైదు చాలును. ఇద్దరికిని తీసివేతలన్నియు తిరిగి చెప్పుదమని నిశ్చయించుట బాలుని కాలమును హరించుటయు, బాలికకు అందనిదానినే మరల అందించుటయు నగును.

తెలుగునందును ఇంతే. ‘బుట్ట’ను ‘బుట’ యని వ్రాయు పిల్లవానికి వత్తు వినబడుట లేదో, వినబడినను వ్రాయుట రాదో, ఆ పదమును గట్టిగా చదివించిననే గాని తేలదు.

కాంప్లెక్సు సమావేశమునకు ప్రతి ఉపాధ్యాయుడును మార్కుల పట్టికకు బదులు ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబుల కట్టను తేవలెను. మార్కులను ప్రక్కనుంచి, తప్పు ఎట్లు పుట్టెనను దానినిబట్టి పత్రములను కుప్పలుగా విభజింపవలెను. ఒక్కొక్క కుప్పకు ఏ పని ఈయవలెనో, ఎన్నిదినములు ఈయవలెనో అచ్చటనే వ్రాసికొనవలెను. ఏకోపాధ్యాయ పాఠశాలలో దీనివలన మరొక మేలు కలదు: రెండవ తరగతి బిడ్డయు నాలుగవ తరగతి బిడ్డయు ఒకే తప్పు చేయుచున్నారని తేలినపుడు వారిని తరగతి హద్దు దాటించి ఒకచోట కూర్చుండబెట్టవచ్చును. జపానులో ఉపాధ్యాయులు ఒక పాఠమును కలసి రూపొందించి, కలసి చూచి, కలసి సవరించుకొను సంప్రదాయము శతాధిక వర్షములనుండి ఉన్నది. మనకు పొరుగుబడి పంతులతో ఒక అపరాహ్ణము దొరకినను చాలును, ఆ అపరాహ్ణమును ప్రకటనలకును ఫారములకును అర్పింపకున్నచో. పల్లిపాడు జిల్లా విద్యాశిక్షణ సంస్థవారు ఛాత్రోపాధ్యాయులకు పాఠప్రణాళికతోపాటు జవాబుపత్ర పరిశీలనమునుగూడ అభ్యాసము చేయించినచో ఈ పని ఇంకను సులభమగును.

వానలు మోసము చేసిన సంవత్సరమున ఈ మెట్టనుండి కుటుంబములు పనులకై వలసపోవుట, పిల్లలు నడుమ కొన్ని నెలలు బడికి దూరమగుట పరిపాటి. తిరిగివచ్చిన బిడ్డను సగటుమార్కు వెనుకబడినవానిగా మాత్రమే చూపును. వెళ్లుటకు ముందు వ్రాసిన పత్రమును భద్రపరచి, వచ్చిన వారముననే అదే తరహా ప్రశ్న మరల ఇచ్చి రెంటిని పోల్చినచో, మరచినదేదో, అసలే నేర్వనిదేదో వేరుపడును. ఆ రెండు పత్రములను కాంప్లెక్సు సమావేశమున ముందుగా విప్పవలెను. ఏలయన బడిలోనున్న తక్కినవారి తప్పులను వచ్చు నెలలోనైనను చూడవచ్చును గాని, ఆ బిడ్డ వచ్చు నెలవరకు ఊరిలో ఉండునను భరోసా లేదు.