నెల్లూరు తీరం: బీళ్ల చదువు

పల్ల, జోడిపి, దోర అనే గొర్రె రకాలకు పుట్టినిల్లు నెల్లూరు సీమ. ఒంగోలు పశువు బ్రెజిల్ చేరి 'నెలోర్' పేరుతో అక్కడి మందలను నింపింది. ఇంతటి జీవధనాన్ని పోషించిన మేత బీళ్లను మాత్రం వృక్షశాస్త్రం చాలా ఆలస్యంగా పట్టించుకుంది.

తొలి దశలో మొక్కలకు పేర్లు పెట్టడమే పని. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను 1795 నుంచి బొమ్మలతో అచ్చువేయించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద 1915లో గాంబుల్ మొదలుపెట్టిన గ్రంథాన్ని 1936 నాటికి ఫిషర్ ముగించాడు. ఆ ఒరవడిలోనే అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ ఆచార్యులు టి. పుల్లయ్య ఆంధ్రప్రదేశ్ వృక్షజాతుల సంపుటాలు వెలువరించారు.

రెండో దశ చెట్లు నాటడం. అటవీ అధికారి బెడ్డోమ్ 1876 ప్రాంతంలో చేసిన సూచనతో సర్కారు తుమ్మ విత్తనాలు మన నేలకు వచ్చాయి, కడప ప్రాంతంలో మొలకెత్తాయి. కాయలు తిన్న పశువుల పేడతోనే గింజలు చెదిరి, ఆ తుమ్మ మేత పోరంబోకులను కమ్మేసింది. తీరపు ఇసుకలో సరుగుడు తోటలు లేచాయి.

గడ్డిని గడ్డిగా చదవడం 1962లో ఝాన్సీలో పశుగ్రాస పరిశోధన సంస్థ ఏర్పడ్డాక ఊపందుకుంది. దేశపు గడ్డినేలలను దబద్గావ్, శంకరనారాయణ్ 1973లో ఐదు రకాలుగా విభజించారు. ద్వీపకల్పానిది సెహిమా-డైకాంథియం గడ్డి రకం. మితిమీరి మేపితే ఏళ్ల తరబడి బతికే ఈ మంచి మేత తగ్గి, పశువు ముట్టని అరిస్టిడా వంటి గడ్డి పెరుగుతుంది. బీడు చెడిందో, కోలుకుంటోందో చెప్పే కొలమానం ఇదే.

1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరిన శ్రీహరికోట మరో పాఠం నేర్పింది. రాకెట్ కేంద్రపు రక్షణ వలయంలో అల్లి, పాల, నేరేడు చెట్ల పొడి సతతహరిత అడవి నిలిచింది. కేంద్రం కోసం ఊళ్లు ఖాళీ అయ్యాక మిగిలిన పశువులు అడవి పశువులయ్యాయి. కంచె ఏం చేస్తుందో, మేత ఏం చేస్తుందో పోల్చి చూడగల చోటు అది.

అయినా 2000లో వెలువడిన బంజరు భూముల అట్లాస్ క్షీణించిన మేత భూములను, పొదల నేలలను బంజరు లెక్కలోనే చేర్చింది. ఆ లెక్క చూసినవారికి మొదట తట్టేది మొక్కలు నాటడమే. ఐక్యరాజ్య సమితి 2026ను మేత భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. నెల్లూరులో ఈ చదువు చేపట్టే విద్యార్థి తుమ్మ తొలగించాలి, స్థానిక గడ్డి విత్తనం పోగుచేయాలి, బీడుకు ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో గొర్రెల కాపరితో కలిసి తేల్చుకోవాలి. బీడు బాగుపడిందనడానికి నాటిన మొక్కల సంఖ్య సాక్ష్యం కాదు. అక్కడ మళ్లీ మొలిచిన గడ్డి జాతులే సాక్ష్యం.