గండికోట: బాటసారుల చూపు, ఊరివారి వ్రాత

కడప జిల్లాలో జమ్మలమడుగునకు పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది ప్రవహించుచోట, దక్షిణపు గట్టుపై గండికోట గ్రామము కలదు. కొండల నడుమ నీరు త్రోవ చేసికొన్న తావును తెలుగువారు గండి యందురు. ఆ గండిపై వెలసిన కోట గనుక ఇది గండికోట. ఇరుప్రక్కల పలకలు పేర్చినట్లు కనబడు ఎఱ్ఱని రాయి నూట యేబది కోట్ల సంవత్సరములకు పైబడిన ప్రాచీనశిల. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ శిలాస్తరమునకు ఈ గ్రామనామమునే యుంచి గండికోట క్వార్ట్‌జైటు అని వ్యవహరించుచున్నారు. నేడు వచ్చు యాత్రికులు ఈ లోయను అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చుదురు. ఆ పోలికలో తప్పులేదు. కాని అమెరికా పేరైనను వినని దినములలోనే ఈ వస్తువునకు ఊరివారికి రెండక్షరముల మాట యుండెను. ఆ మాటతోనే తమ ఊరికి పేరు పెట్టుకొనిరి.

ఒక ఊరిని గూర్చిన వ్రాతలు రెండు తెగలు. దారిన పోవువాడు చూచి వ్రాసినది యొకటి. ఊరిలో నుండువాడు ఎఱిగి వ్రాసినది రెండవది. మొదటిది లోకమంతట ప్రచారము పొందును. రెండవది తఱచుగా మూలబడి చెదలపాలగును. గండికోట చరిత్రలో ఈ రెండు తెగల వ్రాతలును ఉన్నవి. వానిని ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని ఆ గ్రామము పూర్ణముగా కంటికి కట్టదు.

కల్యాణి చాళుక్యుల కాలమున కాకరాజు అను సామంతుడు ఇక్కడ మొదట కోట కట్టించెనని స్థానిక కైఫీయతు చెప్పును. విజయనగర రాజుల కాలమున పెమ్మసాని నాయకులు దీనిని ఏలిరి. మాధవరాయస్వామి ఆలయము, రంగనాథస్వామి ఆలయము ఆ వైభవమునకు నేటికిని సాక్ష్యములు. పదునేడవ శతాబ్ది నడుమ గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా మంత్రియగు మీర్ జుమ్లా పెమ్మసాని వారినుండి ఈ దుర్గమును గైకొనెను. పారశీక దేశమునుండి వచ్చి, వజ్రముల వర్తకమున ధనమార్జించి, మంత్రి పదవి కెక్కిన వాడాతడు.

మీర్ జుమ్లాను చూచుటకే ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు టావెర్నియే 1652 సెప్టెంబరులో గండికోటకు వచ్చెను. మచిలీపట్టణమున ఓడ దిగి, చెన్నపట్టణము మీదుగా అతడిక్కడికి చేరెను. అతని యాత్రాగ్రంథము 1676లో పారిస్ నగరమున అచ్చయినది. గండికోటను గూర్చి పాశ్చాత్యదేశములు చదివిన తొలి వర్ణనలలో అది ప్రధానమైనది.

కొండపైకి త్రోవ యొక్కటే యనియు, దాని వెడల్పు కొన్నిచోట్ల 20, 25 అడుగులును, కొన్నిచోట్ల 7, 8 అడుగులును మాత్రమే యనియు అతడు వ్రాసెను. ఒక ప్రక్క అగాధము. దాని అడుగున పెద్దనది. కోటకు సహజముగా లోయలే ప్రాకారములగుటచే, మైదానము వైపున 400, 500 అడుగుల బారల మేర మాత్రము కాపాడుకొన్న చాలును. ఆ వైపున చెక్కుడురాతి గోడలు, అగడ్తలు ఉండెను. ఇంతటి దుర్గము మూడు మాసముల ముట్టడికి లొంగిపోయినది.

నవాబు దర్బారును గూర్చి అతడు వ్రాసిన ముచ్చట యొకటి చదువదగినది. మీర్ జుమ్లా డేరాలో కూర్చుండి, వచ్చిన ఉత్తరములను కాలివ్రేళ్ళ నడుమను, ఎడమచేతి వ్రేళ్ళ నడుమను ఇఱికించుకొని, ఒక్కొక్కటి తీయుచు ఇద్దఱు లేఖకులకు ప్రత్యుత్తరములు చెప్పి వ్రాయించుచుండెనట. మఱియొక ముచ్చట విచారకరమైనది. నవాబు 20 ఫిరంగులు పోతపోయింప దలచి, ఆలయములనుండి రాగివిగ్రహములను తెప్పించి, క్లోద్ మాయె అను ఫ్రెంచివానికి ఒప్పగించెను. గండికోట ఆలయపు విగ్రహములు ఆఱు మాత్రము ఎంత యత్నించినను కరుగలేదనియు, కడకు అతడు ఒక్క ఫిరంగియైనను పూర్తిచేయలేదనియు టావెర్నియే చెప్పెను.

ఈ కథలను ఎల్లరును ఎత్తి చెప్పుదురు. అదే పుటలలో నున్న ఒక చిన్నమాటను మాత్రము దాటిపోవుదురు. కొండపై కొంత చదునైన నేల కలదనియు, అందు వరియు చిఱుధాన్యములును పండుననియు, ఆ పైరులకు చిన్నచిన్న ఊటలే నీరిచ్చుననియు అతడు వ్రాసెను. వజ్రముల బేరమునకు వచ్చినవాని కంటికి ఇది దారిప్రక్కని సంగతి. ఊరివారికి ఇదియే ప్రాణము. రాతిగోడ శత్రువును ఆపగలదు గాని ఆకలిని ఆపజాలదు. కోటలోని విశాలమైన ధాన్యాగారమును, కత్తుల కోనేరును, రాయల చెరువును చూచినవారికి ఈ సంగతి బోధపడును. ఆ ఊటల నెవరు పూడిక తీసిరి, ఆ ధాన్యాగారమునకు గింజ ఏ పల్లెలనుండి వచ్చెను, రాతిని ఎక్కడ కొట్టి ఎట్లు తెచ్చిరి అను ప్రశ్నలు టావెర్నియేకు తోపలేదు. తోపకపోవుట అతని దోషము కాదు. రెండువారముల అతిథి అడుగవలసిన ప్రశ్నలు కావవి.

ఆ ప్రశ్నలకు జవాబు వ్రాసినవారు కరణములు. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన పిమ్మట, కర్నలు కాలిన్ మెకంజీ గ్రామగ్రామపు వృత్తాంతములను సేకరింప బూనెను. కావలి వెంకటబొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు అతనికి కుడిభుజములైరి. బొఱ్ఱయ్య 1803లోనే మరణించినను పని ఆగలేదు. అట్లు చేరినవే కైఫీయతులు. ఊరి పొలిమేరలు, చెరువులు, గుడులు, మాన్యములు, ఏలినవారి పరంపర, ఊరు పాడుపడిన సమయములు, మరల నిలిచిన విధము మున్నగునవి అందుండును. తారీఖులు తడబడును, కథలు చరిత్రలో కలసిపోవును. అయినను ఏ బాటసారియు చూడజాలని ఊరి లోపలి రూపము వానియందున్నది. బ్రౌను దొర వానిలో పెక్కింటికి నకళ్ళు వ్రాయించి కాపాడెను.

బాటసారి చూపునకును ఊరివాని యెఱుకకును నడుమ వంతెన వేసిన తెలుగువాడొకడు కలడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కడప, అహోబిలముల మీదుగా కాశికి పోయెను. అతని కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. ఏ మజిలీలో నీరు మంచిది, ఎక్కడ అంగళ్ళు కలవు, ఎక్కడ దిగుటకు వసతి యుండును, త్రోవ రాతినేలయా యిసుకనేలయా యని అతడు దినదినము వ్రాసికొనెను. ఊరిని దృశ్యముగాగాక, మనుష్యులుండు చోటుగా చూచుటయే ఆ గ్రంథము గొప్పతనము. యాత్రికుడెట్లు చూడవలెనో నేర్చుకొనుటకు మన భాషలోనే మేలైన పాఠమున్నది.

గండికోట రాజకీయ ప్రాముఖ్యము క్రమముగా క్షీణించెను. మొగలాయీలు, కడప నవాబులు, హైదరాలీ, టిప్పు ఒకరి వెనుక నొకరు ఏలిరి. 1792లో శ్రీరంగపట్టణపు సంధితో కడపసీమ నిజామునకు పోయి, 1800లో కంపెనీకి చేరెను. ఫిరంగులు మూగపోయినవి. ఊరు మాత్రము పోలేదు. 1876 మొదలు 1878 వఱకు దత్తమండలములను దహించిన మహాక్షామము వంటి ఆపదలను దాటి, నేటికిని కోటగోడల లోపల సంసారములు సాగుచున్నవి. ఇనుపమేకులు దిగగొట్టిన పాతద్వారమే గ్రామస్థులకు వీధివాకిలి. జామియా మసీదు, మాధవరాయస్వామి గుడి, చార్మినారని పిలువబడు పావురాల గోపురము వారికి చరిత్రచిహ్నములు మాత్రమే కావు. మేకలను తోలుకొని దినమును దాటిపోవు గుఱుతులు.

ఇటీవలి కాలమున బాటసారులు మరల వచ్చుచున్నారు. ఈసారి ఒక్క వర్తకుడు కాదు. సెలవుదినములలో గుంపులు గుంపులుగా వత్తురు. లోయ యంచున గుడారములలో రాత్రి గడపి, సూర్యోదయము చూచి, ఛాయాచిత్రములు తీసికొని పోవుదురు. 2024లో కేంద్రప్రభుత్వము గండికోట పర్యాటకాభివృద్ధికి రమారమి 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. దీనివలన జీవనోపాధి కలుగును. దానితోపాటు చిక్కులును కలుగును. రక్షిత కట్టడములకు 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణమును 2010 నాటి చట్టసవరణ నిషేధించుచున్నది. ఆవల మఱి 200 మీటర్ల మేర అనుమతి కావలెను. చరిత్రరక్షణకు ఇట్టి నిబంధన అవసరమే. కాని తాతలనాటి నుండి కోట లోపల నున్నవానికి కొడుకు పెండ్లియైనప్పుడు మఱియొక గది వేసికొనుట గూడ సమస్యయగును. చూడవచ్చినవాని సుఖమునకును, ఉన్నవాని బ్రదుకునకును పొత్తు కుదుర్చుట నేటి ముఖ్యకార్యము.

ఈ చిక్కు గండికోటది మాత్రమే కాదు. నందికొండలలో పుట్టిన పెన్న ఈ గండిని దాటి, నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతమున కలియును. ఆ సముద్రపు టొడ్డుననే, చెన్నపట్టణమునకు దక్షిణముగా కోవళమను జాలరిపల్లె కలదు. పలకపై నిలిచి అలలమీద స్వారిచేయు క్రీడకై అక్కడికి దూరదేశములవారు వత్తురు. ఆ క్రీడ బయటనుండి వచ్చినదే. అయినను ఏ గాలికి ఏ అల లేచునో, ఏ తావున లోతు మోసగించునో ఎఱిగినవారు జాలరులు. వారి బిడ్డలే ఆ విద్య నేర్చి, వచ్చినవారికి గురువులైరి. ఊరివారి యెఱుకకు విలువ కట్టినచో బాటసారియు క్షేమముగా నుండును, ఊరును నిలుచును అనుటకు ఇది నిదర్శనము. గండికోటలోను అంతే. లోయ యంచున ఏ రాతిపలక కదలునో, వాన కురిసినపుడు ఏ దారి జాఱునో గ్రామస్థునికి తెలిసినట్లు మఱియెవనికి తెలియును? కోట చూపించువాడు, కథ చెప్పువాడు, భోజనము పెట్టువాడు ఆ ఊరివాడే యగుట న్యాయము.

మఱియొక సంగతి మఱవరానిది. గండికి ఎగువన 26.85 టి.యం.సి.ల సామర్థ్యముతో గండికోట జలాశయము ఏర్పడినది. కఱవుసీమకు నీరు వచ్చుట చిరకాలపు కోరిక. ఆ నీటికై కొండాపురము ప్రాంతపు గ్రామములు మునిగినవి. 2020లో నిల్వ పెంచినపుడు తాళ్ళప్రొద్దుటూరు ప్రజలు ఇండ్లలోనికి నీరు వచ్చుచుండగా ఊరు విడిచిరి. ఇల్లు పోయినచో పరిహారము కలదు; క్రొత్త కాలనీలో మరల కట్టుకొనవచ్చును. పొలముల పేర్లు, బావుల పేర్లు, గ్రామదేవత తిరునాళ్ళ క్రమము, ఏ రాతికట్టను ఎవరి తాత కట్టెనను జ్ఞాపకము మునిగినచో వానికి పరిహారము లేదు. కోటను చూచుటకు వేలమంది వత్తురు. నీట మునిగిన పల్లెను చూడవచ్చువాడెవడు? దానికి మిగులునది వ్రాతయొక్కటే.

ఆ వ్రాత నిపుడెవరు వ్రాయవలెను? ఆంధ్రప్రదేశమున కరణపు వృత్తి 1984లో రద్దయినది. ఆ పద్ధతిలోని లోపములు అందఱెఱిగినవే. అది పోవుట తగినదే. అయితే ఊరి లెక్కతోపాటు ఊరి కథను గూడ వ్రాసిపెట్టు చేయి దానితో నిలిచిపోయినది. ఆ స్థానము నేడు గ్రామగ్రంథాలయమునకు చెందవలసియున్నది. 1914లో బెజవాడయందు తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభను జరిపిన పెద్దలు, అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు, పుస్తకమును పామరుని ముంగిటికి తేవలెనని పాటుపడిరి. పుస్తకము ఊరికి వచ్చినది. ఇక ఊరు పుస్తకములోనికి రావలెను.

ఇందుకు పెద్ద విద్వాంసులు అక్కఱలేదు. ప్రతి గ్రంథాలయమునందును ఒక దళసరి పుస్తకము తెఱచి, ఊరి వృద్ధులు చెప్పినది చెప్పినట్లు తేదీతో వ్రాసిన చాలును. చెరువు ఏ యేట నిండెను, ఏ యేట ఎండెను, జొన్న, కొఱ్ఱ, సజ్జ తీరులు ఎట్లు మాఱెను, బడి ఎప్పుడు వచ్చెను, దీపము ఎప్పుడు వెలిగెను, ఎవరు ఏ దేశమునకు వలసపోయిరి అనునవి అందు చేరవలెను. కడపలోని సి.పి. బ్రౌను గ్రంథాలయము భాషాపరిశోధన కేంద్రమై, కడప జిల్లా కైఫీయతులను సంపుటములుగా ప్రకటించినది. రెండువందల యేండ్లనాటి కరణములు వ్రాసినది నేటి పాఠకుని చేతికి అట్లు వచ్చినది. మఱి రెండువందల యేండ్లకు రాబోవు పాఠకునికి నేటి ఊరు ఏమి మిగిల్చును అనునదే ప్రశ్న.

టావెర్నియే రాకపోయినను గండికోట యుండెడిది. ఆ ఊటలును, ఆ ఊటలకడ పైరు పెట్టినవారును లేకున్నచో కోటయే లేదు. వారి పేర్లు ఏ యాత్రాగ్రంథమునను లేవు. వారి సంతతివారి పేర్లయినను గ్రామగ్రంథాలయపు బీరువాలో నుండవలెను.