బడి మైదానం నుంచి జకార్తా దాకా: హైదరాబాద్ ఫుట్‌బాల్ నడిచిన దారి

విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుకు ఏడాదిలో దక్కే కాలం చాలా తక్కువ. ముందు కాలేజీల మధ్య పోటీలు, వాటిలో బాగా ఆడినవాళ్లతో సెలక్షన్లు, కొద్దిరోజుల క్యాంపు, ఆపైన జోనల్ టోర్నీ. నాకౌట్‌లో ఒక్క మ్యాచ్ పోయిందంటే ఆ ఏటికి అంతే. సూరత్‌లోని వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానిది పశ్చిమ మండలం, హైదరాబాద్ ఉస్మానియాది దక్షిణ మండలం. మండలాలు వేరైనా పద్ధతి ఒకటే. మగ్గాల పని మీద తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడ్డ మన పద్మశాలి కుటుంబాల పిల్లలు అక్కడి కాలేజీ జట్టులో ఆడినా వాళ్లకు దొరికేది ఇంతే. డిగ్రీ చేతికి రాగానే ఆటగాడు జట్టుకు దూరమవుతాడు.

ఇంత ఇరుకైన కాలంలోంచే హైదరాబాద్ ఒకప్పుడు దేశాన్ని గెలిపించే ఫుట్‌బాల్‌ను తయారు చేసింది. అక్కడ కాలేజీకి ముందు బడి మైదానం ఉండేది, కాలేజీ తర్వాత జీతమిచ్చే జట్టు ఉండేది. ఆ రెండింటినీ కలిపిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్.

ఆయన 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. రహీమ్ అక్కడ చదువుతూ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు, పట్టా పుచ్చుకుని బడిపంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యతంతా తీసుకున్నారు. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, చివరిదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆటగాళ్లందరికీ ఆయన రహీమ్ సాబ్.

ఆయన పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేవి కుర్రాళ్ల కోసం పెట్టిన చిన్న చిన్న టోర్నీలు. ఒకదానిలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకొకదానిలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తంటాలు పడుతూ పడుతూ, కొన్నాళ్లకు రెండు కాళ్లతోనూ పాస్ ఇవ్వడం నేర్చుకునేవాడు. ఖరీదైన సామగ్రి అక్కర్లేదు, విదేశీ కోచ్ అక్కర్లేదు. ఏ లోపాన్ని ఏ ఆటతో సరిదిద్దాలో తెలిసిన పంతులు ఉంటే చాలు. బంతిని కాలి దగ్గర అట్టేపెట్టుకుని మురిసిపోయే అలవాటు అలా తగ్గింది. ఒకటి రెండు స్పర్శల్లో బంతిని కదిలించే హైదరాబాద్ ఆట అక్కడే పుట్టింది.

ఆ ఆట దేశానికంతటికీ తెలిసింది సిటీ పోలీస్ జట్టు వల్ల. 1950లో ఆ జట్టుకు రహీమ్ శిక్షకుడు. ఆ ఏడు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచారు. స్వాతంత్ర్యం తర్వాత తొలిసారి జరిగిన డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్‌ను ఓడించారు. కలకత్తా క్లబ్బులదే ఫుట్‌బాల్ అనుకునే రోజుల్లో దక్కను నుంచి వచ్చిన కానిస్టేబుళ్లు రెండు పెద్ద కప్పులూ పట్టుకెళ్లారు. రోవర్స్ కప్పును 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956, 1957లలో నెగ్గింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆంధ్ర పోలీస్ పేరుతో ఆడిన జట్టు 1961లో డ్యూరాండ్‌నూ గెలిచింది. పోలీసు శాఖ ఇచ్చింది ఉద్యోగమే అయినా, ఆటగాడికి దాని అర్థం వేరు: ఇల్లు గడుస్తుంది, పొద్దున్నే మైదానానికి వెళ్లొచ్చు.

భారత జట్టు శిక్షకుడిగానూ రహీమ్ ఈ దారినే నమ్మారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 ఓటమి. మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడిన మ్యాచ్ అది. ఆ దెబ్బ తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. అప్పటి జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్‌ల పక్కన సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోలు కొట్టింది ఈ బలరామే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికి రహీమ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఆపైన 1965-66 సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది కానీ, మేటి ఆటగాళ్లు కలకత్తా బాట పట్టారు. మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్, ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అక్కడే పేరు తెచ్చుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. తప్పంతా వాళ్ల వెనక వచ్చే పిల్లలను తయారు చేసే బడి మైదానాలను చేజార్చుకోవడంలో ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు సంబరపడ్డాను. ఆ జట్టులో మన ఊరి కుర్రాళ్లు ఎందరని వెతుక్కున్నప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

అందుకే కాలేజీ సీజన్ మీద ఇంత పట్టుదల. వారంరోజుల నాకౌట్ బదులు, నాలుగు నెలల పాటు ప్రతి శనివారం కాలేజీల లీగు నడపాలి. ఓడిన జట్టుకు కూడా మరుసటి వారం మ్యాచ్ ఉండాలి. పోలీసు, రైల్వే, బ్యాంకు స్పోర్ట్స్ కోటాల నుంచి ఎంపికకు వచ్చేవాళ్లు ఆ మైదానాల పక్కన కూర్చుని చూడాలి. ఉస్మానియాలోనైనా సూరత్‌లోనైనా దీనికి కావలసింది ఆటలు నేర్పే ఒక పీడీ, కొన్ని బంతులు, సాయంత్రం ఐదు తర్వాత తాళం వేయని గేటు.