గ్రుడ్డుపెట్టి పాలిచ్చు ప్లాటిపస్

పుట్టుకనుబట్టి ప్రాణికోటిని జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగు తెగలుగా విభజించిన మన పూర్వులు, గ్రుడ్డుపెట్టి పొదిగి, పొదిగిన బిడ్డకు పాలిచ్చు ప్లాటిపస్‌ను చూచియున్నచో ఏ తెగలో చేర్చియుందురో గాని, ఐరోపా పండితులు మాత్రము దానిని చూచియు ఎనుబదియేండ్లకు పైగా తేల్చుకొనలేకపోయిరి.

ఆస్ట్రేలియా తూర్పుభాగమునను, టాస్మేనియాలోను ఏటిగట్ల బొరియలలో వసించు ఈ జంతువు చర్మము ఇంగ్లండు చేరగా, 1799లో దానిని వర్ణించిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు జార్జి షా, చతుష్పాదమునకు బాతుముక్కు నెవరో అతికించిరేమోయని శంకించెను. ఆ శంక తీరెను గాని వివాదము ముదిరెను. జర్మను శాస్త్రజ్ఞుడు మెకెల్ దానికి క్షీరగ్రంథులు కలవని చూపగా, పారిస్ పండితుడు జాఫ్రాయ్ సెంటిలేర్ అవి పాలగ్రంథులే కావని వాదించెను; పాలును గ్రుడ్డును ఒక్కచోట నుండుట వారి ఊహకు మించినది. గ్రుడ్లు పెట్టునని ఆదివాసులు కొందరు చెప్పిన మాటను లెక్కచేసినవారు తక్కువ. తుదకు 1884లో కాల్డ్వెల్ అను యువకుడు, క్వీన్స్‌లాండులోని బర్నెట్ నదియొద్ద ఆ ఆదివాసుల సాయముననే వెదకి, ఒక గ్రుడ్డు పెట్టి రెండవది గర్భాశయముఖముననున్న ఆడుదానిని సంపాదించి, మాంట్రియల్‌లో సమావేశమైన బ్రిటిష్ అసోసియేషన్ అను శాస్త్రజ్ఞుల సంఘమునకు వార్త యందునట్లు తంతి పంపెను. అది చదువబడిన సెప్టెంబరు 2వ తేదీనే అడిలైడులో హాకె అను నతడు, ప్లాటిపస్‌వలెనే గ్రుడ్డుపెట్టి పాలిచ్చు ఎకిడ్నా అను జంతువు గ్రుడ్డును ప్రదర్శించెను. అక్కడివా రెరిగిన సంగతికి సముద్రములు దాటిన తంతి ముద్ర వేయవలసివచ్చెను!

ప్లాటిపస్ గ్రుడ్డు అంగుళములో మూడింట రెండువంతులు; పెంకు తోలువలె మెత్తన. తల్లి తోకతో చుట్టుకొని పదిదినములు పొదుగును. చనుమొనలు లేవు గనుక చర్మముపై ఊరిన పాలను పిల్లలు నాకును.

బ్రహ్మ తోచినట్లు కుట్టిన అతుకులబొంతగా దీనిని తలచువారు కలరు. నాకది సమ్మతము కాదు. క్షీరదములన్నిటి కొకప్పుడు సామాన్యమైన ఆచారమును ఇది విడువలేదు, అంతియే. ఆ యొకప్పటి సాక్ష్యము మనకు దూరమునను లేదు. జొన్నాడ, రావులపాలెముల నడుమ పారు గోదావరిపాయయైన గౌతమిలో ప్రాణహిత నీరు కలిసియున్నది. ఆ ప్రాణహిత–గోదావరి లోయలోని జురాసిక్ శిలలకు కోట గ్రామము పేరు వచ్చినది. ఆ శిలలనుండి వెలువడిన కోటథీరియం అను చిన్న క్షీరదపు దంతమును దత్తా అను శాస్త్రజ్ఞుడు 1981లో వర్ణించెను. అదే శిలల కోటసారస్ అను రాక్షసిబల్లి అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలువగా, జనులు దానినే చూతురు. పంటి నెవరు చూతురు? నాడు భారతమును ఆస్ట్రేలియాయు గోండ్వానా అను ఒకే ఖండములోనివి. పంటికి గ్రుడ్డుమాట చెప్పు శక్తి లేదు. దాని యజమాని అండజమై యుండుననుటకు ఆధారము, నేటికిని జీవించియున్న ప్లాటిపస్, ఎకిడ్నాలే.