ఇసుకలో వేలు - తెర మీద కన్ను

మనమంతా కాగితాన్ని నమ్ముకుని బతికినవాళ్ళం. నోట్ ఫైలు, జీతాల బిల్లు, చివరికి మన పెన్షన్ ప్రతిపాదనలు, అన్నీ చేతిరాతతోనే నడిచాయి. ఆ చేతిరాత మన వాళ్ళకు ఎలా వచ్చింది, కంప్యూటర్ పంతులుగా వచ్చాక దాని గతి ఏమైంది అన్న సంగతులు ప్రత్యేక సంచిక పాఠకులకు పనికివస్తాయని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, రాజధానిలోని జిల్లాలన్నింటిలో బడులెన్ని, పిల్లలెందరు, ఏం నేర్పుతున్నారు అని కలెక్టర్లను వివరాలు అడిగాడు. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వాటిలో పేరెన్నికగన్నది. జిల్లా జనాభా 9 లక్షల పైచిలుకు. బడులు 533. వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. చదువుతున్న పిల్లలు మాత్రం 7 వేలకు లోపే. ఆడపిల్లల సంఖ్య చెప్పుకోదగ్గది కాదు.

ఆ నివేదికలో నన్ను ఆకట్టుకున్నది బోధనా పద్ధతి. ఐరోపాలో పిల్లలు ముందు అక్షరాన్ని పలకడం నేర్చేవారు. మన వీధి బడిలో పిల్లవాడు ముందు నేల మీద పోసిన ఇసుకలో వేలితో అక్షరాన్ని దిద్దేవాడు. అంటే మన వాళ్ళకు రాయడమే చదువుకు తొలిమెట్టు. ఇసుక చెరిపితే పోతుంది, ఖర్చు లేదు, తప్పు రాస్తే సిగ్గు లేదు. అంతకు ముందే, 1789 ప్రాంతంలో, మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ ఈ ఇసుక రాతను చూసి తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే ఏర్పాటు కూడా చేశాడు. 1797లో ఆయన దాన్ని గురించి లండన్‌లో పుస్తకం అచ్చు వేయించాక 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో ఇంగ్లండు బడుల్లోకి వెళ్ళింది.

అయితే ఆ వీధి బడుల్లో లోపం లేకపోలేదు. పిల్లలు పద్యాలు వల్లె వేసేవారేగాని, అది వాడుక భాష కాకపోవడంతో అర్థం తెలిసేది కాదని క్యాంబెల్ స్పష్టంగా రాశాడు. చేతికి రాత వచ్చింది, బుర్రకు భావం అందలేదు.

ఈ లోటు తీర్చడానికి గట్టి ప్రయత్నం మన కళ్ళముందే జరిగింది. 1988 మే నెలలో జాతీయ సాక్షరతా మిషన్ ఏర్పడింది. 1990లో కేరళలోని ఎర్నాకులం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా పేరు తెచ్చుకుంది. తరువాత మన నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు వెలిశాయి. పలక, బలపం, లాంతరు ఇచ్చి, కూలిపని చేసుకునే స్త్రీలకు వాళ్ళ బతుకులోని మాటలతోనే పాఠాలు చెప్పారు. సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళ కథ ఒక పాఠం. దూబగుంట స్త్రీలు ఆ పాఠాన్ని చదివి ఊరుకోలేదు, 1992లో తమ ఊళ్ళోనే ఆచరించి చూపారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. పలక మీద దిద్దిన అక్షరానికి అంత బలం ఉంది.

ఇక కంప్యూటర్ సంగతి. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌ను తీర్చిదిద్దిన ఎఫ్.సి. కోహ్లీ గారికి, దేశంలో నిరక్షరాస్యత తగ్గుతున్న వేగం చాలదన్న బాధ ఉండేది. మామూలు వయోజన విద్యకు 200 గంటలు పడుతుందని లెక్క. కూలికి పోయేవారు అంతకాలం బడికి రాలేరు, మధ్యలో మానేస్తారు. అందుకని 2000 సంవత్సరంలో తెలుగులోనే తొలి ప్రయోగం చేశారు. హైదరాబాదు పొలిమేరలో, అప్పటి మెదక్ జిల్లాలోని బీరంగూడ దానికి వేదిక. ఆఫీసుల్లో పాతబడిన కంప్యూటర్లే సాధనాలు. సాక్షరతా మిషన్ వాచకంలోని పాఠాలనే తెర మీద కదిలే బొమ్మలతో, ధ్వనితో చూపేవారు. అ, ఆ లతో మొదలు పెట్టకుండా, మనిషి నోట రోజూ ఆడే మాటను ముందు మొత్తంగా చూపి, తర్వాత అక్షరాలుగా విడదీసేవారు. సుమారు 40 గంటల్లో తేలికపాటి పత్రికా భాష చదవగలిగే స్థాయికి తేవడం లక్ష్యం. తర్వాత తమిళం, హిందీ, మరాఠీ, బెంగాలీ వగైరా భాషల్లోనూ ఈ పాఠాలు తయారయ్యాయి.

ఇంత తక్కువ కాలం ఎలా సరిపోయింది? రాయడం వదిలిపెట్టారు గనుక. గడ్డపార, కొడవలి పట్టిన చేతికి బలపం లొంగడం కష్టం. అక్కడే చాలామంది విసిగి బడి మానేస్తారు. ముందు చదవడం వస్తే ఆసక్తి పుడుతుంది, రాత తర్వాత వస్తుంది అన్నది వారి ఆలోచన. ఆ ఆలోచనలో న్యాయం ఉంది. కాని జనాభా లెక్కల నిర్వచనం వేరు. ఏడేళ్ళు పైబడినవారు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులు. చదవడం మాత్రమే వచ్చినవారు ఆ లెక్కలోకి రారు.

ఇది లెక్కల తగాదా మాత్రమే కాదు. తాలూకా ఆఫీసుల్లో పనిచేసినవారికి తెలుసు. గేటు బయట చెట్టు కింద అర్జీలు రాసేవాళ్ళు కూర్చునేవారు. రైతు తన బాధ చెప్పేది ఒకటి, కాగితం మీద పడేది ఒకటి. కింద నిశాని మాత్రం రైతుదే. సంతకం ఒక్కటే నేర్చుకున్నవారి పరిస్థితి కూడా అంతకంటే మెరుగు కాదు, ఏ కాగితం పెట్టినా చేవ్రాలు చేసి వెళ్ళేవారు. చదువు వస్తే పైవాడు చెప్పింది మనకు తెలుస్తుంది. రాత వస్తేనే మనం చెప్పేది పైవాడికి తెలుస్తుంది. అందుకే ఆ తర్వాతి కాలంలో ఇదే కార్యక్రమంలో రాయడాన్నీ, లెక్కలనూ చేర్చడం సబబైన పని.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 1991లో 44 శాతం, 2001లో 60 శాతం, 2011లో 67 శాతం. ఈ పెరుగుదలలో పిల్లల బడులకు, రాత్రి బడులకు, కంప్యూటర్లకు ఎవరి వాటా వారికుంది. అయినా 2011 నాటికి ముగ్గురిలో ఒకరు అక్షరానికి బయటే మిగిలారు.

కాలచక్రం మహిమ చూడండి. ఒకనాడు వేలిముద్ర చదువురానితనానికి గుర్తు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక గెజిటెడ్ హోదాలో రిటైరైనవారు కూడా బతికున్నామని చెప్పుకోవడానికి యంత్రం మీద వేలు పెడుతున్నారు. 2021 నుంచి ముఖం చూపినా చాలు. ఫోనులో నోటితో చెబితే తెలుగు అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి. సౌకర్యమే, కాదనను. కాని యంత్రం వేసిన మాట మనం చెప్పినదేనా అని సరిచూడాలంటే చదువు రావాలి, తప్పు పడితే దిద్దాలంటే రాత రావాలి. లేకపోతే చెట్టు కింద అర్జీ రాసేవాడి స్థానంలో యంత్రం కూర్చున్నట్టే.

2022-27 కాలానికి కేంద్రం నిర్ణయించిన నవభారత సాక్షరతా కార్యక్రమం, 15 ఏళ్ళు పైబడినవారికి స్వచ్ఛంద సేవకుల ద్వారా చదువు చెప్పాలంటోంది. మనకంటే తీరిక ఉన్నవారెవరు? ఇంట్లో పనిచేసే అమ్మాయికో, వాచ్‌మన్‌కో మన మనవల ఫోను మీద మాటలు చూపి చదివించండి, చిత్తు కాగితం ఇచ్చి రాయించండి. తన అర్జీ తానే రాసుకోగలిగిన నాడు వారి చదువు పూర్తయినట్టు. మన సంఘ సభ్యులు ఒక్కొక్కరు ఒక్కరికి నేర్పినా, మనం ఇన్నేళ్ళు పట్టిన కలానికి రుణం తీర్చుకున్నట్టే.