వేసవి పండ్లు: నీరు పుష్కలం, ఉప్పు స్వల్పం

ఝార్ఖండ్‌లోని సరాయ్‌కెలా-ఖర్సావాన్ జిల్లాకు చెందిన గమ్హరియా, జంషెడ్‌పూర్ సమీపాన ఆదిత్యపూర్‌ను ఆనుకుని విస్తరించిన పారిశ్రామిక ప్రాంతం. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత తరచూ 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. కొలిమి ఎదుట పనిచేసేవారికి ఎండకు తోడు లోహపు వేడీ తప్పదు. చెమట రూపంలో కోల్పోయే నీటిని భర్తీ చేసుకోవడం వారికి ప్రతి పూటా అవసరమే.

పుచ్చకాయలో దాదాపు 92 శాతం నీరే. 100 గ్రాముల గుజ్జు నుంచి లభించే శక్తి సుమారు 30 కిలోక్యాలరీలు. ఆ ఎరుపుకు కారణం టమాటాలోనూ ఉండే లైకోపీన్. ఇందులోని సిట్రులిన్ అనే అమైనో ఆమ్లానికి ఆ పేరు పుచ్చకాయ శాస్త్రీయ నామమైన సిట్రులస్ నుంచే వచ్చింది. ఖర్బూజాలో సుమారు 90 శాతం నీటితోపాటు విటమిన్ సి, పొటాషియం ఉంటాయి. గుజ్జు నారింజ రంగులో ఉండే రకాల్లో బీటా కెరోటిన్ అధికం. కీర దోసలో నీరు 95 శాతం. తెలుగువారికి ప్రీతిపాత్రమైన తాటి ముంజలను మాత్రం లేతగా ఉన్నప్పుడే తినాలి.

అయితే చెమటతో నీరొక్కటే పోదు, సోడియం కూడా పోతుంది. 100 గ్రాముల పుచ్చకాయలో పొటాషియం 100 మిల్లీగ్రాములకు పైగా ఉన్నా, సోడియం కేవలం 1 మిల్లీగ్రాము. అందువల్ల గంటల తరబడి చెమటోడ్చే కార్మికునికి పండు ఒక్కటే చాలదు. ఉప్పు వేసిన మజ్జిగ ఆ లోటును కొంత తీరుస్తుంది. ఝార్ఖండ్ వీధుల్లో దొరికే సత్తు షర్బత్‌దీ అదే పాత్ర. వేయించిన శనగల పిండిని నీటిలో కలిపి ఉప్పు, నిమ్మరసం, ఉల్లి తరుగు చేర్చే ఈ పానీయం, పండ్లలో అంతగా లభించని ప్రొటీన్‌నూ అందిస్తుంది. బండ్ల మీద అమ్మే మారేడు షర్బత్ చలువ చేస్తుందని పేరున్నా, చక్కెర ఎక్కువైతే ప్రయోజనం తగ్గుతుంది.

మూత్రపిండ వ్యాధిగ్రస్తులు పొటాషియం అధికంగా ఉన్న పండ్లను, రక్తపోటు ఉన్నవారు ఉప్పు కలిపిన పానీయాలను వైద్యుల సలహా మేరకే తీసుకోవాలి. మధుమేహులు రసానికి బదులు పరిమితంగా ముక్కలు తినడం మేలు.

ఆమ్లత తక్కువైన పుచ్చ, ఖర్బూజా ముక్కలపై బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది. కాయను కోసే ముందే కడగాలి. కోసి ఎండలో ఉంచినవాటిని కొనరాదు. గుజ్జుపై దూదిని రుద్దినప్పుడు అది ఎర్రబారితే కృత్రిమ రంగు కలిసినట్లు అనుమానించాలి.